ఒక్క మ్యాచ్ గెలిచి ఫైనల్‌కి ఎలా వెళ్లారు? నాకౌట్ కప్పు వెనక లెక్క

సంక్రాంతి వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏదో ఒక టోర్నమెంట్ ఉండాల్సిందే. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఎక్కువ, ఫుట్‌బాల్ తక్కువ. ఫ్లెక్సీ మీద ‘ఫలానా వారి జ్ఞాపకార్థం’ అని పెద్ద అక్షరాలుంటాయి. దాని కింద ప్రథమ బహుమతి దాత, ద్వితీయ బహుమతి దాత ఫొటోలు, ఎంట్రీ ఫీజు, అన్నిటికన్నా కింద ఒక చిన్న లైను: ‘పోటీలు నాకౌట్ పద్ధతిలో జరుగును’. గొడవలన్నీ ఆ చిన్న లైనులోనే ఉంటాయి.

పదహారు జట్లు వస్తే ఏ ఇబ్బందీ లేదు. పదహారు ఎనిమిదవుతాయి, ఎనిమిది నాలుగు, నాలుగు రెండు, ఆపై ఒకటి. కానీ ఏ ఊళ్లోనూ జట్లు అంత లెక్కగా రావు. పదమూడు వచ్చాయనుకుందాం. పదమూడుకు పైన ఉన్న దగ్గరి ‘మంచి’ సంఖ్య పదహారు. తేడా మూడు కాబట్టి మూడు జట్లు మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కి పోతాయి. దాన్నే ‘బై’ అంటాం. మిగిలిన పది జట్లు ఐదు మ్యాచ్‌లు ఆడతాయి, గెలిచిన ఐదూ బై వచ్చిన మూడూ కలిసి ఎనిమిది. అక్కడి నుంచి బండి సాఫీగా నడుస్తుంది. మొత్తం మ్యాచ్‌లు ఎన్నో తెలియాలంటే రౌండ్లు కూడనక్కర్లేదు. ప్రతి మ్యాచ్‌కీ ఒక జట్టు ఇంటికి పోతుంది, చివరికి ఒక్క జట్టు తప్ప అందరూ పోవాలి, కాబట్టి పన్నెండు మ్యాచ్‌లు. ఎన్ని బైలు ఇచ్చినా, ఎలా ఇచ్చినా ఈ సంఖ్య మారదు.

బై ఎవరికన్నది తేల్చడానికి నోట్‌బుక్ కాగితం చింపి జట్ల పేర్లు రాస్తారు. చిట్టీలు మడిచి స్టీలు డబ్బాలో వేసి, పక్కన ఆడుకుంటున్న చిన్న పిల్లాణ్ని పిలిచి తీయిస్తారు. నిర్వహించే ఊరి జట్టుకే బై వచ్చిందంటే అయిపోయింది. “చిట్టీ మడతలోనే ఏదో ఉంది” అని ఎవరో ఒకరు అనకమానరు.

ఇక రెండో చిక్కు ఫుట్‌బాల్‌కే ఎక్కువ. వాలీబాల్‌లో మ్యాచ్ సమం కావడమన్నదే లేదు. క్రికెట్‌లో అరుదు. ఫుట్‌బాల్‌లో మాత్రం తొంభై నిమిషాలు ఆడి 0-0తో బయటికి రావడం మామూలే. ఇద్దరూ ఓడనప్పుడు ఎవర్ని ఇంటికి పంపాలి?

ఎవరు ఏ రౌండ్‌లో లోపలికి రావాలి, సమమైతే ఏం చేయాలి. ప్రపంచంలో ఏ నాకౌట్ కప్పు చరిత్ర తిరగేసినా ఈ రెండింటికి చెప్పిన జవాబులు మారుతూ రావడమే కనిపిస్తుంది. ఈ కప్పులన్నిటికీ పెద్దన్న ఇంగ్లండ్‌లోని ఎఫ్‌ఏ (ఫుట్‌బాల్ అసోసియేషన్) కప్. దాని మొదటి ఏడాది చూస్తే మన ఊరి టోర్నమెంట్లు చాలా పద్ధతిగా జరుగుతున్నట్టు అనిపిస్తుంది.

1872: ఆడకుండానే సెమీస్

1871 జూలైలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి చార్లెస్ ఆల్‌కాక్ ఒక ప్రతిపాదన పెట్టాడు. సభ్య క్లబ్బులన్నీ పోటీపడే ఒక ఛాలెంజ్ కప్పు ఉండాలన్నాడు. తను చదువుకున్న హారో స్కూల్లో హాస్టళ్ల మధ్య ఓడితే బయటికే అనే పోటీ ఉండేది. అదే ఇక్కడికి తెచ్చాడు. పదిహేను క్లబ్బులు పేర్లిచ్చాయి.

ఆ మొదటి కప్పు గెలిచింది వాండరర్స్ జట్టు, కెప్టెన్ ఆల్‌కాకే. వాళ్లు ఫైనల్‌కి చేరిన దారి చూడండి. మొదటి రౌండ్‌లో ప్రత్యర్థి హారో చెకర్స్ రాలేదు, వాకోవర్. రెండో రౌండ్‌లో క్లాఫమ్ రోవర్స్ మీద 3-1తో గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్‌తో 0-0. సమమైతే ఇద్దర్నీ ముందుకు పంపే అధికారం అప్పటి రూల్ ప్రకారం కమిటీకి ఉంది, కాబట్టి ఇద్దరూ సెమీస్‌కి పోయారు. సెమీస్‌లో గ్లాస్గో నుంచి వచ్చిన క్వీన్స్ పార్క్‌తో మళ్లీ 0-0. మ్యాచ్ మళ్లీ ఆడాలన్నారు. క్వీన్స్ పార్క్ దగ్గర మళ్లీ లండన్ రావడానికి డబ్బు లేదు, పోటీ నుంచి తప్పుకుంది. అలా వాండరర్స్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి ఫైనల్ గ్రౌండ్‌లో అడుగుపెట్టారు.

క్వీన్స్ పార్క్ కథ ఇంకా చిత్రం. బైలు, ప్రత్యర్థుల విరమణలు కలిసొచ్చి వాళ్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే సెమీస్‌కి చేరారు. ఆడిన ఒకే మ్యాచ్ ఓడలేదు. అయినా ఇంటికి పోయారు.

1872 మార్చి 16న కెన్నింగ్టన్ ఓవల్ మైదానంలో ఫైనల్ జరిగింది. రాయల్ ఇంజినీర్స్ మీద 1-0. చూడ్డానికి వచ్చింది సుమారు రెండు వేల మంది. ఆ ఒక్క గోల్ కొట్టిన మార్టన్ బెట్స్ ‘ఎ.హెచ్. చెకర్’ అనే మారుపేరుతో ఆడాడు. మొదటి రౌండ్‌లో వాండరర్స్‌కి వాకోవర్ ఇచ్చిన హారో చెకర్స్ క్లబ్బులో ఆయన సభ్యుడు. మన దగ్గర పక్క ఊరి పిలగాణ్ని వేరే పేరుతో దింపితే ఎంత రచ్చవుతుందో తెలిసిందే.

మరుసటి ఏడాది ఇంకో వింత. ఛాలెంజ్ కప్పు కదా, గెలిచినవాణ్ని మిగతావాళ్లు ఛాలెంజ్ చేయాలి. అందుకని 1873లో వాండరర్స్ నేరుగా ఫైనల్ ఆడారు, గ్రౌండ్ కూడా వాళ్లే ఎంచుకున్నారు. గెలిచారు కూడా. ఆ పద్ధతి అంతటితో పోయింది.

వరుసగా మూడేళ్లు గెలిస్తే కప్పు సొంతం అనేది ఆ కాలపు ఆనవాయితీ. వాండరర్స్ 1876, 77, 78లో గెలిచి కప్పుకు హక్కుదారులయ్యారు. అయినా తిరిగిచ్చేశారు. ఇకపై ఏ క్లబ్బూ దాన్ని శాశ్వతంగా ఉంచుకోకూడదని ఒక్క షరతు పెట్టారు. ఇంత మర్యాదగా కాపాడుకున్న ఆ కప్పు 1895లో బర్మింగ్‌హమ్‌లోని ఒక షాపు అద్దాల బీరువాలోంచి దొంగతనానికి గురైంది. మళ్లీ దొరకలేదు. ఇప్పుడు ఇచ్చేది వేరే కప్పు.

ఎవరు ఎప్పుడు లోపలికి?

మొదట్లో ఇది పెద్దింటి కుర్రాళ్ల, సైనిక అధికారుల ఆట. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే మిల్లు పట్టణపు జట్టు, ఈటన్ స్కూలు పూర్వ విద్యార్థుల జట్టైన ఓల్డ్ ఈటోనియన్స్‌ని 2-1తో ఓడించడంతో ఆ గుత్తాధిపత్యం పోయింది. రెండేళ్లకు ఆటగాళ్లకు జీతాలివ్వడాన్ని చట్టబద్ధం చేశారు. క్లబ్బులు కుప్పలుగా పుట్టుకొచ్చాయి. ఎంట్రీలు ఎంత పెరిగాయంటే 1888-89 నుంచి క్వాలిఫైయింగ్ రౌండ్లు పెట్టక తప్పలేదు.

నా ఉద్దేశంలో ఈ కప్పు చరిత్రలో అసలు మలుపు ఇదే. బై అప్పటిదాకా చిట్టీతో వచ్చే అదృష్టం. అక్కడి నుంచి అది క్లబ్బు స్థాయిని బట్టి వచ్చే హక్కయింది. పైస్థాయి క్లబ్బు ఆలస్యంగా దిగుతుంది, కింది క్లబ్బు ముందే మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాలి.

ఇప్పటి లెక్క ఇలా ఉంది. ఏటా ఏడు వందలకు పైగా క్లబ్బులు పేర్లిస్తాయి. 2011-12లో 763 వచ్చాయి. ఆగస్టులో చిన్న క్లబ్బులతో ఎక్స్‌ట్రా ప్రిలిమినరీ, తర్వాత ప్రిలిమినరీ, ఆపై నాలుగు క్వాలిఫైయింగ్ రౌండ్లు. ఈ ఆరు జల్లెళ్లు దాటి 32 క్లబ్బులు మిగులుతాయి. వాటికి మూడు, నాలుగు డివిజన్లలోని 48 క్లబ్బులు కలిస్తే 80. దీన్ని ‘మొదటి రౌండ్ ప్రాపర్’ అంటారు, అప్పటికి నవంబరు వస్తుంది. 80 నుంచి 40, 40 నుంచి 20. ఈ ఇరవైకి జనవరిలో ప్రీమియర్ లీగ్ 20, దాని కింది ఛాంపియన్‌షిప్ 24, అంటే 44 పెద్ద క్లబ్బులు వచ్చి కలుస్తాయి. 20కి 44 కలిపితే 64, మనకు కావాల్సిన ‘మంచి’ సంఖ్య. అక్కడి నుంచి ఆరు మ్యాచ్‌లు గెలిస్తే కప్పు.

అంటే పెద్ద క్లబ్బు ఎనిమిది రౌండ్లు ఇంట్లో కూర్చుని వస్తుంది. అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ లోపలికి వచ్చాక వాళ్లకి ఏ రక్షణా లేదు. టెన్నిస్‌లో మాదిరి బలమైనవాళ్లు మొదట్లోనే తలపడకుండా విడదీసే సీడింగ్ ఉండదు. చార్టు ముందే గీసి పెట్టరు, ప్రతి రౌండ్ అయ్యాక మళ్లీ డ్రా తీస్తారు. నంబర్లు వేసిన బంతుల్లో ముందు ఏది వస్తే ఆ జట్టుకి సొంత గ్రౌండ్. మొదటి స్థానంలో ఉన్న క్లబ్బుకి రెండో స్థానంలో ఉన్న క్లబ్బే పడొచ్చు, ఐదు మెట్లు కింద ఉన్న ఊరి క్లబ్బు గ్రౌండ్‌కి పోవాల్సి రావొచ్చు.

1972లో హియర్‌ఫర్డ్ అలాగే బురద గ్రౌండ్‌లో న్యూకాసిల్‌ని పడగొట్టింది. అప్పటికి లీగ్‌లోకే రాని క్లబ్బు అది.

మిగతా దేశాల వాళ్లు ఇదే ప్రశ్నకు వేర్వేరుగా జవాబు చెప్పారు. ఫ్రాన్స్‌లో రెండు డివిజన్లు తక్కువున్న జట్టుకి చిట్టీతో పని లేకుండా సొంత గ్రౌండ్ ఇస్తారు. జర్మనీలో మొదటి రౌండ్‌లో పెద్ద క్లబ్బులే చిన్న ఊళ్లకి పోవాలి. స్పెయిన్ కూడా 2019-20 నుంచి దాదాపు ఆ దారికే వచ్చింది. ఇటలీ వాళ్లది మాత్రం పెద్దల పక్షం.

మళ్లీ ఆడాలా, పెనాల్టీలా?

రెండో ప్రశ్నకు ఎఫ్‌ఏ కప్ చాలా కాలం చెప్పిన జవాబు రీప్లే. సమమైతే ఇంకోరోజు రెండో జట్టు గ్రౌండ్‌లో ఆడండి. అదీ సమమైతే మూడోది, నాలుగోది, తేలేదాకా. 1971లో ఆల్వ్‌చర్చ్, ఆక్స్‌ఫర్డ్ సిటీ అనే రెండు చిన్న క్లబ్బుల మధ్య ఒక క్వాలిఫైయింగ్ పోటీ తేలడానికి ఆరు మ్యాచ్‌లు, మొత్తం పదకొండు గంటల ఆట పట్టింది. చివరికి 1-0తో ఆల్వ్‌చర్చ్ గట్టెక్కింది.

పెనాల్టీ షూటౌట్‌ని అంతర్జాతీయ నియమావళిలో చేర్చింది 1970లో. అంతకుముందు మరీ దారిలేకపోతే నాణెం ఎగరేసేవాళ్లు. 1968 యూరో కప్పు సెమీస్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ మధ్య ఫైనల్‌కి ఎవరో తేల్చింది నాణెమే. ఎఫ్‌ఏ కప్ మాత్రం తొందరపడలేదు. ఎన్నిసార్లయినా రీప్లే అనే పద్ధతి 1991 దాకా సాగింది. 2005లో మొదటిసారి ఫైనల్ పెనాల్టీలతో తేలింది, ఆర్సెనల్ గెలిచింది. తర్వాత క్వార్టర్ ఫైనల్ రీప్లే పోయింది, ఐదో రౌండ్‌లో పోయింది, 2024-25 నుంచి మొదటి రౌండ్ ప్రాపర్ మొదలు ఎక్కడా లేకుండా తీసేశారు. యూరప్ పోటీలు పెరిగాయి, క్యాలెండర్‌లో ఖాళీ లేదు అన్నది పెద్ద క్లబ్బుల మాట.

చిన్న క్లబ్బులకి కడుపు మండిందంటే అర్థముంది. కప్పు మ్యాచ్ టికెట్ల డబ్బు రెండు జట్లూ పంచుకుంటాయి. 2005 జనవరిలో అప్పుల్లో మునిగి ఉన్న ఎక్సెటర్ సిటీ, అప్పటికి ఐదో డివిజన్ క్లబ్బు, మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్‌లో 0-0తో నిలబడింది. రీప్లేలో 0-2తో ఓడింది. అయినా ఆ రెండు మ్యాచ్‌ల ఆదాయంతో క్లబ్బు నిలదొక్కుకుంది. ఈ రోజుల్లో అయితే అదే రాత్రి పెనాల్టీలు కొట్టించి పంపేవాళ్లు. పెద్దవాళ్ల కాళ్లనొప్పులకి చిన్నవాళ్ల బువ్వ తీసేశారనే నాకు అనిపిస్తుంది.

ఒక్క మ్యాచ్‌తోనే తేల్చేయడం చిన్న జట్టుకి మంచిదే కదా, అదృష్టం కలిసొచ్చే అవకాశం ఎక్కువ కదా అని అడగొచ్చు. నిజమే. ఒక జట్టు ఎంత గట్టిదంటే ఎవరితో ఆడినా పదింట ఏడుసార్లు గెలుస్తుంది అనుకుందాం. ఆరు మ్యాచ్‌లు వరుసగా గెలవాలంటే 0.7ని ఆరుసార్లు గుణించాలి. వచ్చేది దాదాపు 0.12. అంత బలమైన జట్టుకి కూడా కప్పు చేతికందే అవకాశం ఎనిమిదిలో ఒక వంతు! లీగ్‌లో ఇదే జట్టు దాదాపు ప్రతి ఏడూ పైనే ఉంటుంది. నాకౌట్‌లో పెద్ద క్లబ్బులకు టెన్షన్ పుట్టించేది ఈ గుణకారమే.

హైదరాబాద్ పోలీసుల రోజులు

మనవైపు వద్దాం. ఆసియాలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ కప్పు మన దేశంలోదే. 1888లో, అంటే ఇంగ్లండ్‌లో క్వాలిఫైయింగ్ రౌండ్లు మొదలైన రోజుల్లోనే, సిమ్లాలో డ్యూరాండ్ కప్ పుట్టింది. బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్ పెట్టిన పోటీ ఇది, మొదట్లో సైనికులకే. మొదటి కప్పు రాయల్ స్కాట్స్ ఫ్యుజిలియర్స్ గెలిచారు. వరుసగా మూడుసార్లు గెలిస్తే కప్పు సొంతం అనే ఆనవాయితీ ఇక్కడా ఉంది, కానీ ఇక్కడ ఎవరూ వాండరర్స్ లాగా తిరిగివ్వలేదు. 1895లో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ఒక కప్పు పట్టుకుపోయింది, 1899లో బ్లాక్ వాచ్ రెండోది పట్టుకుపోయింది. డ్యూరాండ్ మూడో కప్పు చేయించాల్సి వచ్చింది.

1940లో పోటీ ఢిల్లీకి మారింది. ఆ ఏడాదే మొహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచి, సైన్యంతో సంబంధం లేని తొలి భారతీయ విజేత అయింది. తర్వాత యుద్ధం, విభజన. మళ్లీ 1950లో మొదలైనప్పుడు కప్పు ఎత్తింది హైదరాబాద్ సిటీ పోలీస్. ఫైనల్లో మోహన్ బగాన్‌తో మొదటి మ్యాచ్ 1-1, రీప్లేలో 1-0. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లాలు.

అదే జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లు వరుసగా గెలిచింది. ఇందాకటి గుణకారం గుర్తు తెచ్చుకోండి. ప్రతి ఏడూ కప్పు గెలిచే అవకాశం సగానికి సగం ఉందని ఉదారంగా ఒప్పుకున్నా, ఐదుసార్లు వరుసగా గెలవడం 32లో ఒక వంతు. అదృష్టం చేసే పని కాదది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పని. వృత్తికి టీచరు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన భారత జట్లకు కోచ్ కూడా ఆయనే. డ్యూరాండ్‌ని పోలీసులు 1954లో, 1957లో మళ్లీ గెలిచారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఇంకోసారి.

సమమైతే ఏం చేయాలన్న ప్రశ్నకి డ్యూరాండ్ ఒకసారి మూడో జవాబు కూడా చెప్పింది. 1960 ఫైనల్లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ రెండు మ్యాచ్‌లు ఆడినా తేలలేదు. ఇద్దర్నీ విజేతలుగా ప్రకటించి ఇంటికి పంపారు.

ఇప్పటి డ్యూరాండ్‌ని నాకౌట్ అనడం సగమే నిజం. 2025లో 24 జట్లు ఆడాయి. నాలుగేసి జట్లతో ఆరు గ్రూపులు, గ్రూపులో ప్రతి జట్టుకీ మూడు మ్యాచ్‌లు. ఆరుగురు గ్రూప్ విజేతలు, రెండో స్థానాల్లో మెరుగైన ఇద్దరు, మొత్తం ఎనిమిది జట్లు క్వార్టర్ ఫైనల్‌కి. గ్రూపుల్లో 36, ఆపైన 7, కలిపి 43 మ్యాచ్‌లు. అచ్చమైన నాకౌట్ అయితే 23తో అయిపోయేది. నిర్వాహకుల బాధ అర్థం చేసుకోదగ్గదే. అంత దూరం నుంచి రైలెక్కి వచ్చిన జట్టు తొంభై నిమిషాలకే తిరిగి వెళ్లిపోతే ఖర్చు దండగ, టీవీకీ సరుకు తక్కువ. కానీ ఒక మ్యాచ్ ఓడినా పర్లేదనే ధీమా వచ్చాక కప్పులో కారం తగ్గుతుంది. రెండో స్థానాల్లో ఎవరు మెరుగన్నది గోల్స్ తేడాతో కొలవడం మొదలయ్యాక మూడో మ్యాచ్ దగ్గర జనం ఆట వదిలేసి ఫోన్లో లెక్కలు చూస్తుంటారు. క్వార్టర్స్ నుంచి మాత్రం అసలు కప్పే. ఆ ఏడాది మొదటిసారి బరిలోకి వచ్చిన డైమండ్ హార్బర్ సెమీస్‌లో ఈస్ట్ బెంగాల్‌ని ఇంటికి పంపింది. ఫైనల్లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ చేతిలో 1-6తో చిత్తయింది, అది వేరే సంగతి.

జాతీయ ఫెడరేషన్ నడిపే సూపర్ కప్ కూడా ఇలాగే ఊగిసలాడుతోంది. 2024లో గ్రూపులు, 2025 ఏప్రిల్‌లో నేరుగా నాకౌట్, అదే ఏడాది చివర్లో మళ్లీ గ్రూపులు.

నాకు అంతకన్నా పెద్ద లోటుగా కనిపించేది ఇంకొకటుంది. ఇంగ్లండ్‌లో తొమ్మిదో డివిజన్ క్లబ్బు కూడా ఆగస్టులో మొదలుపెట్టి కాగితం మీదైనా ఫైనల్ జరిగే వెంబ్లీ స్టేడియం దాకా పోవచ్చు. మన జాతీయ కప్పుల్లో దేశంలోని పై రెండు లీగ్‌ల క్లబ్బులు, డ్యూరాండ్‌లో అయితే వాటికి తోడు సైనిక జట్లు, ఆహ్వానం అందినవాళ్లు. కింది నుంచి పైదాకా క్వాలిఫైయింగ్ నిచ్చెన లేదు. నల్లగొండలో ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే ఆడే కుర్రాళ్లు జట్టు కట్టినా, ఏ రౌండ్‌లో మొదలుపెట్టాలో చెప్పే చార్టే లేదు.

అలాంటి నిచ్చెన వేయడం లెక్కపరంగా చాలా తేలిక. తెలంగాణలో 33 జిల్లాలు. జిల్లాకో జట్టు అంటే ఒకే ఒక్క ప్రిలిమినరీ మ్యాచ్ ఆడిస్తే 32 మిగులుతాయి, ఆపై ఐదు రౌండ్లు, మొత్తం 32 మ్యాచ్‌లు. ప్రయాణ ఖర్చు తగ్గాలంటే ఎఫ్‌ఏ కప్ మొదటి రౌండ్లలో చేసినట్టు ఇరుగుపొరుగు జిల్లాలనే ముందు కలపొచ్చు. పాత నల్లగొండ జిల్లాలోంచి ప్రధానంగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాత పాలమూరులోంచి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట. మూడూ ఐదూ ఎనిమిది. ఎవరికీ బై ఇవ్వనక్కర్లేదు, మూడు ఆదివారాల్లో ఏడు మ్యాచ్‌లు. సమమైతే మాత్రం రెండో జట్టు ఊళ్లో రీప్లే పెట్టాలని నా ఓటు. గద్వాల జట్టు సూర్యాపేటకి పోయి 0-0తో నిలబడితే, మరుసటి వారం వాళ్ల జనానికీ ఒక మ్యాచ్ చూసే హక్కుంది.